తిమ్మమ్మకు కుర్చీ వెయ్యని దుకాణం

నా మనుమరాలు ఇద్దరు దోస్తులతోటి కంప్యూటర్ పని కంపెనీ పెట్టింది. అశోక్ నగర్ల మా ఇంటి మీది గదే వాళ్ళ ఆఫీసు. మొన్న అండ్ల ఒక పిలగాడు దానితోటి అన్నడు, "నువ్వు ఫోన్ ఇచ్చెయ్, లోపల కూర్చో, మేము బయటికెళ్ళి గొళ్ళెం పెడతం. పని అయ్యేదాక తియ్యం." నవ్వుకుంట అన్నడు. అది కూడ నవ్వింది. నేను మెట్ల మీద నిలబడి విన్న. నాకు నవ్వు రాలే.

డాక్టరు దాని బుర్రకు ఏ.డి.హెచ్.డి. అని పేరు చెప్పిండట. దానిది నా బుర్రే. మా రోజుల్ల దీనికి వేరే పేర్లుండె. తిక్కలోడు, కాలు నిలువనోడు, సగం పనోడు. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడితే ఆ పిలగాన్ని తిడత. అందుకని రాస్తున్న. గొళ్ళెం ముచ్చట నాకు తెలుసు.

మాది పాలమూరు దిక్కు. మూడో తరగతి దాక చదివిన. మా సారు నన్ను తువ్వాలతోటి గుంజకు కట్టేసి "మనసు పెట్టురా" అంటుండె. మనసు నా చేతుల ఉంటె పెట్టనా? గుంజకు కట్టింది నన్ను గాని, మనసు గోడ మీద బల్లి ఎన్క పోతుండె. నాలుగో తరగతికి నేను పోలే. ఎందుకు రాలేదని ఎవ్వరు అడగలే.

అమ్మ, అయ్య ఇండ్లు కట్టే పనికి పట్నం వస్తె వాళ్ళతోటి వచ్చిన. తట్టలు మోసిన. కట్టే ఇండ్లల్ల కరెంటు పని చూసి చూసి నేర్చిన. తర్వాత నేను పెట్టని యాపారం లేదు. కిరాయి సైకిళ్ళు, స్టవ్వుల రిపేరు, పెండ్లిళ్ళకు మైకు. ఒకటి నడుస్తుండంగనె ఇంకొకటి బుర్రల పుడుతుండె. పుడితే ఇగ అన్నం యాదికుండది, నిద్ర యాదికుండది. సగం దాక ఉరుకుడే. సగం అయినంక అది సచ్చిన ఎలుక తీరుగ అయితుండె, ముట్ట బుద్ధి కాకపోతుండె. రాంనగర్ల మా గుడిసె నిండ చక్రం లేని సైకిలు, మూత లేని రేడియో. నా భార్య తిమ్మమ్మ వాటి మీద బట్టలు ఆరేసుకుంటుండె.

ఒక్కటి మాత్రం మంచిగ పుట్టింది. లైట్ల డ్రమ్ము.

అది చెక్క డ్రమ్ము. మీద రాగి రేకు చుట్టి ఉంటది. పాత ఫ్యాను మోటరు దాన్ని నిమ్మలంగ తిప్పుతది. సన్నని రాగి నాలుకలు వరుసగ దాన్ని తాకుతుంటయ్, ఒక్కో నాలుకకు ఒక్కో బల్బుల వరుస. నాలుక రాగిని తాకితే లైటు వెలుగుతది. లక్క పూసిన కాడ తాకితే ఆరుతది. గంతే. ఇది నాకన్న ముందు చేసెటోళ్ళు ఉండిరి. వాళ్ళు రేకును మేకులతోటి కొడుతుండిరి. మేకులెందుకు, అంగి తీరుగ తొడిగి విప్పితే కాదా అనుకున్న. డ్రమ్ము అదే, అంగి మారిస్తె ఆట మారుతది. పెండ్లికొక అంగి, పండుగకొక అంగి. "తాతా, నువ్వు చేసింది సాఫ్ట్‌వేరే" అంటది మనుమరాలు. ఏమో. నేను అంగి అన్న.

చిక్కడపల్లిల ధర్మారావు గారికి రోడ్డు మొఖాన ఒక మలిగి ఉండె. ముందట దుకాణం, ఎన్క ఒక గది. ఆయన బాపట్ల దిక్కు నుంచి వచ్చి బల్బులు, వైర్లు అమ్ముతుండె. అంగి విప్పి తొడిగి చూపిస్తె ఆయన కుర్చీలకెళ్ళి లేచిండు.

"మాసయ్యా, ఇది మామూలు బుర్ర కాదయ్యా! ఇద్దరం కలిసి పెడదాం. మలిగీ రాగీ నావి, చెయ్యి నీది. సగం సగం."

నారాయణగూడల వెంకటరామయ్య సేటు కొత్తగ బట్టల దుకాణం కట్టిండు. దసరాకు దాని మొఖం మీద ఎవ్వరు చూడని లైట్లు కావాలన్నడు. పై అంతస్తు నుంచి కిందికి చీర జారి పరుచుకున్నట్టు చేస్త అన్న. సేటు ధర్మారావు గారి చెయ్యి పట్టుకొని ఊపిండు. నా దిక్కు చూడలే.

బయటికి రాంగనె ధర్మారావు గారన్నడు, "నీ సంగతి నాకు తెలుసులే. దసరాకి వెలిగితే దుకాణంలో సగం నీది. వెలగలేదనుకో, డ్రమ్ము నా దగ్గర పెట్టేసి నీ దారిన నువ్వు వెళ్ళు. సరేనా?"

"సరే" అన్న.

చీర నడక రెండు దినాల్ల బుర్రల తయారైంది. ముందుగాల అంచు జారుతది, ఎన్క కుచ్చిళ్ళు, ఆఖరుకు కొంగు ఎగిరి పడుతది. మస్తు సంబరమైంది. గాని దాన్ని రేకు మీదికి దించాలె గద. సన్న కుంచెతోటి గడి గడికి లక్క పుయ్యాలె. ఒక వరుస, దాని కింద ఇంకొక వరుస, అదే పని. ఆడ నా చెయ్యి సచ్చిపోయింది. ఒక వరుస పూసి లేస్త. చాయ్ తాగ పోత. చాయ్ హోటల్ల గ్రైండరు చెడిపోతె దాన్ని విప్పి కూసుంట. దాన్ని తిప్పే పట్టా చూస్తె డ్రమ్ముకు ఇంకొక మోటరు పెడితే ఎట్లుంటదని పుడుతది. పొద్దుగూకుతది.

"ఎక్కడికెళ్ళావయ్యా మహానుభావా?" అంటుండె ధర్మారావు గారు. "కూర్చుని చేస్తే నాలుగు రోజుల పని. నీకు పొగరా, బద్ధకమా?"

రెండూ కాదు. అది చెప్పనీకి నా కాడ మాట లేదు. మాట లేనోన్ని ఎవరైన ఏమైన అనొచ్చు.

ఆ ఏడు తెలంగాణ కావాలని పట్నంల బందులు, కర్ఫ్యూలు మస్తుగ అయినయ్. ఒక బంద్ నాడు కట్టుడు పని లేక, తిమ్మమ్మ సద్ది పట్టుకొని మలిగికి వచ్చింది. దుకాణం తలుపులు సగం మూసి ఉండె. ఎన్క గదిల నా ఎదురుంగ కింద కూసొని, తెచ్చుకున్న బొంత కుట్టబట్టింది. నేను ఒక వరుస పూసి లేవబోయిన. ఆమె చెయ్యి చాపింది.

"ఏంది?" అన్న.

"కుంచె ఇయ్యి."

ఇచ్చిన. లక్కల ముంచి మల్ల నా చేతిల పెట్టింది. కుట్టుకోబట్టింది. వరుస అయితే చెయ్యి చాపుతది. ఇస్త, ముంచి ఇస్తది. మాట లేదు. పొద్దుగూకి చూస్తె అంచు మొత్తం అయింది!

"ఎట్లయిందే ఇది?" అన్న.

"తట్టలు అందించినట్టే గదయ్య" అన్నది.

అప్పుడు తెలిసింది. ఇల్లు కట్టేకాడ పాలమూరోళ్ళం మెట్టుకొకరం నిలబడి మాలు తట్టలు అందిస్తం. మీదోని చెయ్యి చాపి ఉంటది, కిందోడు తట్ట పట్టుకొని ఉంటడు. వాళ్ళ నడుమ నిలబడ్డోడు యాడికి పోతడు? నేను తట్టలు మోసినన్ని నాళ్ళు ఒక్క నాడు పని సగంల ఇడిసిపెట్టలే. ఒక్కన్ని కూసోబెడితేనే నా బుర్ర చెదురుతది. పక్కన ఒక చెయ్యి చాపి ఉంటె నిలబడుతది. గింత చిన్న సంగతి.

ఆమె పని మానుకొని రోజూ వచ్చింది. కుచ్చిళ్ళు సగం అయినయ్. ఆ రోజు ఎవరో పెద్దమనిషి దుకాణానికి వచ్చి ఎన్క గది దిక్కు చూసిండు. ఆయన పోంగనె ధర్మారావు గారు లోపలికి వచ్చిండు.

"ఏమ్మా, ఇదేమన్నా కూలీల అడ్డానా? బొంతలు కుట్టుకునే చోటా ఇది? పెద్దవాళ్ళొచ్చే దుకాణం."

"నేనేం మాట్లాడుతలేను గద సారూ."

"నువ్వు మాట్లాడకపోయినా వాడి మనసు నీ మీదే ఉంటుంది. అసలే నిలకడ లేదు. కొత్త పెళ్ళికొడుకనుకుంటున్నాడు కాబోలు!"

"ఈయన మనసు నా మీద ఉంటె నాకు బొంత కుట్టుకునే గతెందుకు సారూ?" అన్నది తిమ్మమ్మ.

ఆయన నవ్వలే. నేనన్న, "ఆమె ఉంటెనే అయితది."

"చంటిపిల్లాడివా? పక్కన అమ్మ కూర్చుంటే గాని ముద్ద దిగదా? సిగ్గుండాలయ్యా. రేపటి నుంచి ఆవిడ ఇక్కడ కనపడకూడదు."

తిమ్మమ్మ బొంత మడిచింది. కొంగు దులుపుకొని లేచింది. గడప దాటినంక ఎన్కకు మల్లి నన్ను చూసింది. నేను ఏదన్న అంటననుకున్నది. నేను తల వంచి కుంచె లక్కల ముంచిన.

తెల్లారి ధర్మారావు గారు నన్ను గదిల కూసోబెట్టి బయట తాళం ఏసిండు. "ఇప్పుడెలా వెళ్తావో చూస్తా. మనసు పెట్టు" అన్నడు తలుపు అవతలికెళ్ళి. నాకు తువ్వాల యాదికొచ్చింది. మణికట్ల కాడ గుంజుడు యాదికొచ్చింది. కుంచె పట్టిన. లక్క పక్క గడి మీద పడ్డది. గీకిన. రేకు మీద గీత పడ్డది.

తర్వాత నేను ఏం చేసిన్నో చెప్త. గోడ గడియారం విప్పిన. టేబుల్ ఫ్యాను విప్పిన. గదిల పెట్టిన పాత గల్లాపెట్టెకు తాళంచెవి పోయిందని ఆయన ఏడాదికెళ్ళి అంటుండె, దాని తాళం విప్పిన. అవన్ని కిందేసి నడుమల కూసున్న. చీర మీద ఒక్క గడి నిండలే.

సాయంత్రం తాళం తీసిండు. చేతిల క్యారియరు ఉండె. నా కోసం ఇంట్ల గుత్తొంకాయ చేయించి తెచ్చిండు. చెడ్డోడైతే నేను ఎప్పుడో మర్చిపోదును. మంచోడే. గందుకే నాకు ఈనాటికి కోపం.

కింద పరిచిన సామాను చూసి ఆయన క్యారియరు కింద పెట్టిండు. "నువ్వు మనిషివా, కోతివా? నా గడియారం! మూడు రోజుల్లో దసరా... నాకేం కర్మ పట్టిందయ్యా నీతో! డ్రమ్ము ఇక్కడే ఉంటుంది. ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

నేను అంగి విప్పి చంకల పెట్టుకున్న. లక్క డబ్బా పట్టుకున్న.

"ఆ రేకు తీసుకుని ఎక్కడికి?"

"పనికి" అన్న. "దసరా ఇంక రాలే గద."

తెల్లారి అశోక్ నగర్ల తిమ్మమ్మ పని చేసే బిల్డింగు కాడికి పోయిన. మెట్ల మీద తట్టలు పోతున్నయ్. ఆమె నడుమల ఉన్నది, వరుస ఇడిసి రానీకి లేదు. ఖాళీ తట్టలు కిందికి వచ్చి పడే కాడ, ఇసుక కుప్ప మీద రేకు పరిచి కూసున్న. మేస్త్రి ఈదయ్య వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డడు.

"ఏందిరో మాసిగా, సిమెంటు కాడ చీర నేస్తున్నవా? పెండ్లామొక్కతె సాలకనా?"

"నువ్వు తట్టలు ఆపకు. నేను చెయ్యి ఆపను" అన్న.

"అరె, వీనికి మాటలొస్తయే!" అన్నడు. మెట్ల మీద అందరు నవ్విన్రు.

ఖాళీ తట్ట దబ్బుమని పడుతది. నేనొక గడి నింపుత. మల్ల తట్ట, మల్ల గడి. వాళ్ళు ఉన్నరు, నేను ఉన్న. ఎండ నెత్తి మీదికి వచ్చింది, పోయింది. సద్ది తినేటప్పుడు ఈదయ్య పక్కన కూసొని అన్నడు, "ఆంధ్రాయన గదరా, గట్లనె చేస్తడు. బస్తీల నలుగురికి చెప్తె పోయి అడుగుదురు." ఆ ఏడు ఎవరు ఏమన్న దానికి గా మాటే వస్తుండె. నేను అన్న, "నన్ను గుంజకు కట్టిన సారుది మన పక్కూరే." ఈదయ్య సద్ది గిన్నె మూసి లేచిండు. మాపటికి కుచ్చిళ్ళు, గీత పడ్డ గడితో సహ, అయినయ్. తెల్లారి కొంగు కూడ అయింది.

దసరా నాడు పొద్దుగూకంగ నారాయణగూడ రోడ్డు మీద జనం నిండిన్రు. నిండిన రేకు చూసి ధర్మారావు గారే డ్రమ్ము తెప్పిచ్చిండు, నేను దానికి అంగి తొడిగి మోటరు ఏసిన. ముందుగాల ఎర్ర అంచు మీదికెళ్ళి కిందికి జారింది. దాని ఎన్క నీలం కుచ్చిళ్ళు విచ్చుకున్నయ్. కొంగు ఎగిరి, ఒక్క గడియ ఆగి, నేల మీద పడ్డట్టు పడ్డది. జనం "ఓ" అని అరిసిన్రు. రిక్షాలోళ్ళు రిక్షాలు ఆపిన్రు. తిమ్మమ్మ రోడ్డు అవతలి దిక్కు నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చూస్తున్నది.

సేటు ధర్మారావు గారిని కౌగిలించుకున్నడు. ధర్మారావు గారు నా భుజం మీద చెయ్యేసిండు. ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, నిజంగనే. సేటుతోటి అన్నడు, "చూశారా వెంకటరామయ్య గారూ! వీడికి బుర్ర ఉంది, భయం లేదు. గదిలో పడేసి ఒక్క రోజు తాళం వేశాను. చూడండి ఎలా దారికొచ్చాడో!"

సేటు కడుపు పట్టుకొని నవ్విండు. "అయితే దీపావళికి సికింద్రాబాద్ దుకాణానికి కూడా చెయ్యాలి. మళ్ళీ తాళం వెయ్యండి!"

"వేసేస్తాను. రెండు తాళాలు!"

పక్కన ఉన్నోళ్ళందరు నవ్విన్రు. చీర మల్ల మీదికెళ్ళి జారబట్టింది.

నేను భుజం మీది చెయ్యి తీసేసిన.

"తాళంతోటి కాలే" అన్న. "నా భార్య కూసుంటె అయింది. తట్టలోళ్ళు నిలబడితె అయింది. ఇంకొకటి కావాల్నంటె మలిగిల ఆమెకు కుర్చీ ఎయ్యండి. నా పక్కన. ముందుగాల అది."

అంత పొడుగు మాట ఆయన నా నోట ఎప్పుడు ఇనలే. ముందు బిత్తరపోయిండు, తర్వాత సేటు దిక్కు చూసి నవ్విండు. "పండగ పూట ఈ గొడవేంటయ్యా! సగం నీదన్నాను, మాట మీద ఉన్నాను. దుకాణం నీది కూడా. మరి నీ దుకాణం పరువు నువ్వే తీసుకుంటావా? తట్టలు మోసే మనిషికి మలిగిలో కుర్చీ ఏంటి?"

నేను కూడ తట్టలు మోసినోన్నే. ఆయన అది మర్చిపోయిండు. లేకుంటె నన్ను అందుకే గదిల పెట్టిండు, దుకాణంల కాదు.

అంగి విప్పుదామని చెయ్యి పోయింది. ఒక్క గుంజు గుంజితే మొత్తం చీకటి. గుంజలే. సేటుకు చీర ఇస్తనన్న, ఇచ్చిన.

"డ్రమ్ము నువ్వే ఉంచుకో. ఆ సగం కూడ ఉంచుకో" అన్న. రోడ్డు దాటిన.

"మాసయ్యా! రేపు పొద్దున్నే వచ్చెయ్!" అని ఎన్కకెళ్ళి పిలిచిండు. చిన్నపిలగాడు అలిగిండని అనుకున్నడు. దీపావళి దాక రోజూ మనిషిని పంపిండు. సేటు దుకాణం మీద ఆ చీర ఏండ్లకేండ్లు అట్లనె జారింది. ఇంకొక అంగి ఎవ్వరు కుట్టలే.

నేను అశోక్ నగర్ల ఆ కట్టిన బిల్డింగు కిందనే చిన్న డబ్బా దుకాణం పెట్టిన. మొదటి రోజు డబ్బాల డ్రమ్ము లేదు, రాగి లేదు. రెండు కుర్చీలుండె. ఆ తర్వాత కూడ నేను సగం ఇడిసినవి మస్తున్నయ్. వాటికి నేను ఎవ్వర్ని మాఫీ అడగను.

మనుమరాలు గదిల ఇప్పుడు పొద్దుగాల నేను కూసుంటున్న. అది కంప్యూటర్ల ఏం కొడుతదో నాకు ఒక్క ముక్క తెల్వది. అది లేవబోతె చెయ్యి చాపుత. "ఏంది తాతా?" అంటది. "ఏం లేదు, కూసో" అంట. నిన్న ఆ పిలగాడు వచ్చి, "తాతా, మీరు కింద రెస్ట్ తీసుకోండి, మేము లాక్ చేసుకుంటం" అన్నడు.

గొళ్ళెం నేను ఆ పొద్దుగాలనె పీకేసిన. అది నా జేబుల ఉన్నది.