మిల్లు మీది గది

మా తోడల్లుడిని అందరూ ఫైలు అంటారు. పెళ్ళికి వచ్చినా చావుకి వచ్చినా ఆయన చంకలో ఒక ఫైలు ఉంటుంది. నా భార్యకు సొంత అక్క మొగుడు, మా పాపకు పెదనాన్న. ఊరూ పేరూ తెలియనివాడు ముంచితే నాలుగు తిట్టి ఊరుకుంటాం. ఈయన మా పాపను పుట్టిన రోజునుంచి ఎరుగును. ఎరిగి చేశాడు. అందుకే రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేసి ఉలి పట్టినవాణ్ణి, రాతలో వంకరలుంటే ఉంటాయి.

పాపకు పదహారేళ్ళు. ఒళ్ళు ఎదిగింది, బుద్ధి మూడేళ్ళ దగ్గర ఆగిపోయింది. మాట లేదు. పొద్దుగూకే వేళకు ఏమవుతుందో, కేకలు పెట్టి తల గోడకేసి కొట్టుకుంటుంది. తిరగని ఆసుపత్రి లేదు. మందులు వేస్తే పడి నిద్రపోయేది, లేచి మళ్ళీ మొదలు.

ఐదేళ్ళ కిందట చుట్టాల పెళ్ళికి పోతూ, దారిలోనే ఉంది కదా అని ఆ పెద్ద పార్కులోకి తీసుకెళ్ళాం. అదే, జెయింట్ వీలూ నీళ్ళ జారుడుబల్లలూ ఉండే థీమ్ పార్కు. అక్కడ రంగులరాట్నం ఎక్కించాను. చెక్కగుర్రం మెడ చుట్టూ చేతులు వేసి, చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది. ఎంత లాగినా దిగలేదు. ఇంటికొచ్చాక పన్నెండు రోజులు తల కొట్టుకోలేదు. డాక్టరుకి చెబితే, "నా మందుకన్నా గుర్రమే నయం అంటున్నారు, తీసుకెళ్ళండి మరి" అని నవ్వాడు. అప్పటినుంచి నెలనెలా వెళ్తున్నాం.

పాసు ఏడాదికోసారి తీసుకుంటాం, అది పెద్ద బరువు కాదు. బరువంతా పడక దగ్గర. బస్సులో ఆరు గంటలు. దిగేసరికి పిల్ల వడిలిపోతుంది, వెంటనే పార్కుకు తీసుకెళ్తే ఆ జనం చూసి హడలిపోతుంది. ఒక పూట పడుకోబెట్టి, మర్నాడు గేటు తీయగానే తీసుకెళ్ళాలి. పార్కు వాళ్ళ హోటల్లో ఒక్క రోజు గది అద్దె నా పది రోజుల కూలి. బయట లాడ్జీల్లో అద్దె తక్కువే, కానీ సాయంత్రం పాప కేక పెట్టగానే గుమాస్తా తలుపు కొట్టేవాడు.

"మాస్టారూ, పక్క గదిలో కొత్త జంట దిగారండీ. పిల్ల ఏడుపు వింటే పెళ్ళంటేనే విరక్తి పుట్టేట్టుంది. ఇంకో చోట చూసుకోండి."

అలా ఏడు లాడ్జీలు మారాం. ఒకచోట వాన కురుస్తుండగా సామాను బయట పెట్టారు.

అప్పుడు దొరికింది మిల్లు మీది గది. పార్కు వెనక గోడకు రెండు వీధుల అవతల పిండిమిల్లు, దాని మీద ఒక్క గది. మిల్లు యజమానురాలు అరవై ఏళ్ళ మనిషి, కనురెప్పల మీద కూడా పిండే. మిల్లావిడ అనేవాళ్ళం. పిల్ల సంగతి దాచకుండా ముందే చెప్పాను.

"అరుస్తుందా? నా మిల్లుకన్నా గట్టిగానా?" అంది.

"అంత కాదమ్మా."

"మరింకేం! దాని గోల నాకు వినబడదు, నా గోలకు మీకు నిద్ర పట్టదు. చెల్లుకి చెల్లు. పైకెళ్ళండి నాయనా."

రెండేళ్ళు అక్కడే దిగాం. మిల్లు ఆడుతుంటే గది నేల సన్నగా వణికేది. పాప ఆ నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించి వినేది. ఆ గదిలో ఒక్కసారి కూడా తల కొట్టుకోలేదు. నెలలో మొదటి శని, ఆదివారాలు మావని మిల్లావిడ గోడ మీద సుద్దతో గీత గీసి పెట్టుకుంది. ఆ రెండు రోజులూ గది ఎవరికీ ఇచ్చేది కాదు.

బాగున్న కడుపుకి మందెందుకు? కానీ మా ఆవిడ మనసులో ఒక ముల్లుండేది. వాళ్ళ అక్క ఎప్పుడు కలిసినా, "ఏమే, నెలకోసారి పిండిలో పొర్లి వస్తారటగా, నూనెలో వేయడమొక్కటే తక్కువ" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు పట్టుకునే ఫైలు మా గడప తొక్కాడు.

"తమ్ముడూ, ఎన్నాళ్ళిలా? పార్కు ముందు గేటు ఎదురుగా కొత్త బిల్డింగు లేచింది. ఒకసారి కడితే పదిహేనేళ్ళు నెలకు రెండు రోజులు గది మీదే. పాపకు ఏసీ, పరుపు, లిఫ్టు. నా పరపతితో మొదటి అంతస్తు ఇప్పిస్తా."

"అన్నయ్యా, అంత డబ్బు నా దగ్గరెక్కడిది?"

"స్థలం లేదూ? దుంగలు పేర్చుకోవడానికా స్థలం?"

మా షెడ్డు వెనక ఖాళీ జాగా ఉంది. అందులో చెక్క ఆరబెట్టేవాణ్ణి. మేమిద్దరం పోయాక పాపను ఎవరు చూస్తే వాళ్ళ పేర రాయాలని దాన్ని కదపకుండా ఉంచాం. ఆ మాటే చెప్పాను.

"పోయాక సంగతి పోయాక. బతికుండగా పిల్లను సుఖపెట్టండయ్యా" అన్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను సరేనన్నాను.

గది చూడ్డానికి వెళ్ళాను. వడ్రంగి గది ఎలా చూస్తాడో అలాగే చూశాను. తలుపు తీసి వేసి చూశాను, కిర్రుమనలేదు. దర్వాజా మూలల్లో గోరు దూర్చాను, సందు లేదు. వేలితో కొట్టి విన్నాను, ముదురు చెక్క, బాగా ఆరిన చెక్క. ఎక్కడా మేకు కొట్టి కప్పెట్టింది లేదు, అంతా చెక్కలో చెక్క దూర్చి బిగించిన కూసం పనే. ఇంత నికార్సుగా తలుపు చేయించినవాడు మోసం చెయ్యడనుకున్నాను. ముప్పై ఏళ్ళ పనిలో మనిషిని అలాగే తూచాను. కాగితాలు ఇరవై పేజీలు. ఫైలు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టాను, స్థలం అమ్మి డబ్బు కట్టాను.

మిల్లావిడకి చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ తీసి రెండుసార్లు పెట్టేశాను. వెళ్ళకపోతే ఆమెకే తెలుస్తుందిలే అనుకున్నాను.

కొత్త గదిలో మొదటి సాయంత్రమే పాప నేల మీద చెవి పెట్టింది. పాలరాయి. చల్లగా ఉంది, చప్పుడు లేదు. లేచి ఇంకో మూల పెట్టింది. అక్కడా లేదు. తర్వాత కేక మొదలైంది. గోడకేసి కొట్టుకుంటే ఆ మెత్తటి నిశ్శబ్దంలో నాలుగు అంతస్తులకీ వినబడింది. మేనేజరు ఫిర్యాదు కాగితం చేతికిచ్చి వెళ్ళాడు. రెండో నెలా అంతే. ఈసారి రెండో కాగితంతో పాటు సామాను మోసే మనిషి కూడా వచ్చాడు.

"ఇప్పటికి రెండు ఫిర్యాదులండీ. పదకొండో పేజీలో ఉంది. సభ్యత్వం రద్దు, కట్టింది తిరిగి రాదు" అన్నాడు మేనేజరు.

అట్నుంచి అటే పిల్ల నుదుటికి కట్టు కట్టి, భుజానికి ఆనించుకుని నడిపిస్తూ మిల్లుకి వెళ్ళాం. మెట్ల మీద నాలుగు జతల బూట్లున్నాయి. పార్కులో యంత్రాలు తిప్పే కుర్రాళ్ళకు గది నెలవారీ అద్దెకిచ్చేసిందట. మిల్లావిడ మిల్లు ఆపి బయటికొచ్చింది.

"పోయిన నెల రెండు రోజులూ తాళం వేసి కూర్చున్నా. పిల్లకేమయిందోనని భయపడ్డా. నీకు ఫోన్ లేదా? నోరు లేదా?"

"తప్పయిపోయిందమ్మా."

"ఏడాదికి రాసిచ్చేశాను నాయనా. వాళ్ళను ఎలా వెళ్ళగొట్టను?" అని పాప తల నిమిరింది. నుదుటి కట్టు మీద పిండి అంటింది.

ఊరికి రాగానే ఫైలు ఇంటికి వెళ్ళాను. ఆయన భోజనం చేస్తున్నాడు. ఫైలు పక్క కుర్చీలో ఉంది.

"పదకొండో పేజీ సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలీకేం. చదువుకోవలసింది నువ్వు."

"పాప అరుస్తుందని తెలుసు కదా అన్నయ్యా. నీ చేతుల్లో పెరిగింది."

"మంచి గదిలో ఉంటే మానేస్తుందేమోననుకున్నాం." కూర కలుపుకుంటూ, "నా కమీషను నేను తీసుకున్నా, అది నా పని. నీ పిల్ల నోరు మూయించడం నీ పని" అన్నాడు.

వదిన గ్లాసులో నీళ్ళు పోస్తూ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత పదకొండు చోట్ల గది అడిగాం. పార్కు చుట్టుపక్కల మా పాప సంగతి అందరికీ తెలిసిపోయింది. రాత్రి బస్సెక్కి పొద్దున దిగి, ఆ సాయంత్రమే తిరిగొచ్చేద్దామని రెండుసార్లు ప్రయత్నించాం. రంగులరాట్నం దగ్గరికి చేరకముందే జనంలో కూలబడి అరిచింది. రెండోసారి కాపలావాళ్ళు మమ్మల్ని గేటు బయటికి నడిపించారు. ఇప్పుడు వెళ్ళడం మానేశాం. ఇంట్లో గోడలకు నిలువెత్తున పరుపులు కొట్టాను. పిల్ల వాటిని వదిలేసి తలుపు చెక్కను వెతుక్కుంటుంది.

పాప కోసం దాచిన ఆ స్థలం కొన్నవాడు గోడ కట్టేశాడు. రిజిస్ట్రేషన్ రోజు నా టేపుతో నేనే కొలిచి ఇచ్చాను. పొడవు ముప్పై ఆరున్నర అడుగులు, వెడల్పు ముప్పై ఆరు. నూట నలభై ఆరు గజాలు.