గాటు పెట్టని పై

ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అత్తగారు బెర్రీలు కూరి ‘పై’ అనే తీపిరొట్టె చేసేది. మైదాలో చల్లటి వెన్న ముక్కలు వేసి వేళ్ల కొసలతో నలిపేది. అరచెయ్యి తగిలితే వెన్న కరిగిపోతుందని కోడలి చేతిమీద ఒక్కటి వేసేది కూడా. ఐసునీళ్లతో ముద్ద చేసి, సగం పళ్లెంలో పరిచి, చక్కెర, నిమ్మరసం పట్టించిన నల్ల బెర్రీలు పోసి, మిగతా సగం ఒత్తి పైన కప్పేది. అంచులు ఫోర్కుతో నొక్కి, నడుమ కత్తితో గాట్లు పెట్టి, “పై చేయడం వరకే నా వంతు, పైవాడి వంతు పైవాడిది” అంటూ ఓవెన్లో పెట్టేది.

వేడెక్కాక ఆ మూతపొర, జబ్బుమనిషి ఊపిరితో పాటే లేచేది, దిగేది. వాళ్లు వదిలే గాలి గాట్లలోంచి ఆవిరై వచ్చేది. డాక్టరు కూడా ముందు పై మీదే స్టెతస్కోపు ఆనించి, ఆ తర్వాతే మనిషిని చూసేవాడు. స్టెతస్కోపుకి అంటిన రసం నాకుతాడని గిట్టనివాళ్లు అనేవారు, మనకెందుకు లెండి.

ఈసారి మంచం పట్టింది ఆమె కొడుకే. రాళ్లమిల్లులో పని. పిండిలాంటి పొడి ఊపిరితిత్తుల నిండా పేరుకుంది. సాయంత్రం దాటడం కష్టమని చెప్పేసి డాక్టరు తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆమె పై చేసింది. గాట్లు మాత్రం పెట్టలేదు. దారి లేకపోతే ప్రాణం ఎటు పోతుందిలే అనుకుంది. తల్లి కదండీ.

పోలేదు. మర్నాడు పొద్దెక్కినా పోలేదు. కానీ పీల్చిన గాలి బయటికి రావడం లేదు. కొడుకు ఛాతీ కుండలా ఉబ్బింది, కళ్లు వెలికొచ్చాయి. ఓవెన్లో మూతపొర డోలులా బిగిసింది. పీల్చే ఊపిరికి మనం దేవుడికి దణ్ణం పెడతాం, వదిలే ఊపిరి కూడా ఆయన భిక్షేనని గుర్తుండదు.

కోడలు వంటింట్లోకి వచ్చి చూసింది.

“అత్తయ్యా, గాట్లు మర్చిపోయారు.”

“నేనా? నీకు నేర్పిందెవరే?”

అప్పుడర్థమైంది కోడలికి. గోడకి జారబడి కూర్చుంది. కళ్లముందు ఉంటే చాలు, ఎలా ఉన్నా సరే, అని అత్తగారు గొణిగింది.

“నాకు మాత్రం ఆయన వద్దా? కానీ మీరు మూత పెట్టింది ఆయన మీద.”

అత్తగారు కొడుకు దగ్గరికి వెళ్లింది. వాడి పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. మాటైనా వదిలే ఊపిరే కదా. నిన్నట్నుంచి వాడు తనని ఒక్కసారీ పిలవలేదని అప్పుడు తట్టిందామెకి.

తిరిగొచ్చి కత్తి తీసుకుంది. ఓవెన్ తెరిచి మూతపొర మీద మొన ఆనించింది, నొక్కలేకపోయింది. “పట్టుకోవే” అంది. కోడలు ఆమె చేతిమీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఒక్క గాటు పెట్టారు. ఆవిరి బుస్సున లేచింది.

పక్కగదిలోంచి, బరువు దించుకున్న మనిషిలా, “హమ్మయ్య” అన్నాడు వాడు.

అందులో అమ్మ ఉంది. ఆమె విన్నది.

మూతపొర మెల్లగా బెర్రీల మీదికి దిగింది. మళ్లీ లేవలేదు.