పడమటి గుట్ట మీద చూడి ఆవులు

డార్లా స్నానాల తొట్టి తోముతోంది. మనుషులు స్నానం చేసే తొట్టే అది, కానీ మార్చి వచ్చిందంటే, మంచు కరక్కముందే ఆవులు ఈనే ఆ ఇంట్లో దూడల తర్వాతే మనుషులు. మంచులో పుట్టి కొయ్యబారిన దూడని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాలి, వంటింట్లో పడుకోబెట్టి తుడవాలి, జున్నుపాలు తాగలేకపోతే గొట్టంతో పట్టాలి. పారుడు పట్టి విరేచనాలవుతున్నదానికి పూటపూటా ఉప్పునీళ్ళు పొయ్యాలి. ఇవన్నీ చేసే మనిషి గురించి భర్త రస్ ఊళ్ళో చెప్పే మాట ఒక్కటే. "డార్లా కాస్త సాయం చేస్తుంది." కాస్తట!

నిన్న ఆమె వేలు చప్పరించిన ఎర్రదూడ ఇవాళ పొద్దున చచ్చిపోయింది. వంటింటి నేల మీదే కూర్చుని ఏడ్చేసింది డార్లా. పోయిన ఏడాది ఇలాగే ఏడుస్తుంటే అత్తగారు వెర్నా, "దూడలన్నాక పోతాయమ్మా. మగవాళ్ళు వచ్చే వేళయింది, కూర పొయ్యి మీద పెట్టు" అంది. అత్తామామలు వేరే ఇంటికి మారకముందు ఆవిడా ఈ నేల మీద ఎన్ని దూడల్ని తుడిచిందో! ఆవిణ్ణి మాత్రం ఎవరడిగారు గనక.

ముందు పుట్టిన దూడలు ఏటా బాగానే ఉంటాయి, జబ్బంతా తర్వాత పుట్టినవాటికే. పెద్దవాటి పేడలో చిన్నవి పుడుతుంటే మరేమవుతుంది? ఈనిన ఆవుల్ని ఇక్కడే ఉంచి, ఇంకా ఈననివాటిని కొన్నాళ్ళకోసారి శుభ్రమైన కొత్త గడ్డిలోకి తోలేస్తే సరిపోతుంది. పశువుల డాక్టరమ్మ కూడా అదే అంది. డార్లా భోజనాల దగ్గర ఆ మాట ఎత్తితే మామగారు ఎల్డన్ నవ్వాడు. "మా నాన్న నుంచీ ఈ దొడ్లోనే ఈనుతున్నాయి, అమ్మాయీ. ఇంటి పక్కనుంటే నీ కళ్ళ ముందుంటాయి." రస్ బంగాళాదుంపల గిన్నె అందుకున్నాడు. మంద ఆమె గుమ్మం ముందుండటం ఆమె చాకిరీ కోసమేనన్న సంగతి డార్లాకి అప్పుడు బుర్రకెక్కింది. ఇన్నేళ్ళూ దాన్ని సౌకర్యం అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

తండ్రీ కొడుకులు ఇవాళ ఆంబోతుల వేలానికి వెళ్ళారు. తొట్టి కడగడం అయ్యాక ఆమె ట్రక్కులో దాణా వేసుకుని దొడ్డి గేటు తీసింది. దాణా చప్పుడు వింటే ఆ ఆవులు ఎంత దూరమైనా వస్తాయి. కర్రతో గేటులో నిలబడి, దూడలున్న తల్లుల్ని వెనక్కి మళ్ళిస్తూ, నిండు పొట్టల్ని మాత్రం అవతలికి వదిలి, దొడ్డి గేటు మూసి, వాటిని ట్రక్కు వెంట నడిపించుకెళ్ళింది. మధ్యాహ్నానికల్లా చూడి ఆవులన్నీ పడమటి గుట్ట మీద, ఏ పశువూ తొక్కని గడ్డిలో ఉన్నాయి. ఇకనుంచి వాటిని చూడాలంటే గాలికి ఎదురెళ్ళి అంత దూరం రావాలి. రావచ్చు, ఏం పోయింది? చచ్చే దూడల్ని కడగడం కన్నా నయమే.

సాయంత్రం తండ్రీ కొడుకుల ట్రక్కు గుట్ట కింద, డార్లా నిలబడ్డ గేటు దగ్గర ఆగింది.

"ఎవరు తోలమన్నారు?" కిటికీలోంచి అరిచాడు ఎల్డన్.

"ఎవరూ అనలేదు."

"పొద్దు కుంకేలోగా వెనక్కి తోలుకురా."

గుట్ట గేటు ఇంకా తెరిచే ఉంది. డార్లా దాని మీద చెయ్యి వేసింది. "నేను తోలను ఎల్డన్. మీరు తోలుకోండి. అయితే ఈ పూట నుంచి పారుడు పట్టిన దూడ ఏదీ నా వంటింట్లోకి రాదు. మీ ఇంటికి తీసుకెళ్ళి మీ తొట్టిలో పెట్టుకోండి, మీ చేత్తో పట్టండి."

"ఏంటి డార్లా, నాన్నతో ఆ మాటలు..." అన్నాడు రస్.

"నీకూ అదే చెబుతున్నా."

అప్పుడే పైన ఓ ఆవు ఈనింది. తల్లి నాకుతుంటే దూడ తూలుతూ లేచి, పొడి గడ్డిలో పొదుగు వెతుక్కుంది. ముగ్గురూ చూస్తుండిపోయారు. ఎల్డన్ మెల్లగా ట్రక్కు దిగి, ఆవులు గుట్ట మీదే ఉండేలా గేటు మూసి గొలుసు తగిలించాడు.

"మళ్ళీ ఎప్పుడు మార్చాలి వీటిని?" అన్నాడు, కొడుకు వైపు కాదు, ఆమె వైపు చూసి.

"నేను చెబుతాను," అంది డార్లా.