తోడు దిగినవాడు

ఆ ఊళ్ళో కొండలెక్కేవాళ్ళ సంఘం పుట్టింది ఒక వెల్డింగు షాపు మేడమీద గదిలో. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి మాట. మొదట నలుగురే: లెక్కల మాస్టారు, మందుల షాపాయన, ఒక పోస్టుమ్యాను, పైన గోలేమిటో చూద్దామని వచ్చి టీ ఇస్తే ఉండిపోయిన వెల్డరు. కొండలెక్కడం ఒక్కరికీ రాదు. తాళ్ళు లారీ ఆఫీసులో బతిమాలి తెచ్చుకున్నారు. మంచులో జారకుండా బూట్ల అడుగున కట్టుకునే ఇనప పళ్ళు వెల్డరే చేశాడు. మొదటి జతలో రెండూ ఎడమ కాలివే అయ్యాయి.

రెండో ఏడు పెద్దకొండ సగంలో పోస్టుమ్యానుకి తల తిరిగింది. "మీరు పదండి, నేను దిగిపోతా" అన్నాడు. సరేనన్నారు. ఆయన దారి తప్పి, కనపడిన ప్రతి తలుపూ కొట్టుకుంటూ పోయి, మూడో నాడు కొండ అవతల ఊళ్ళో తేలాడు. ఆయన భార్య మేడెక్కి వచ్చి మిగతా ముగ్గురినీ కడిగేసింది. ఆవిడ మెట్లు దిగేలోపే మాస్టారు రిజిస్టర్లో నియమం రాశారు: వెనక్కి తిరిగినవాణ్ణి ఒంటరిగా పంపకూడదు, ఆ పూట జట్టులో అందరికన్నా గట్టివాడే తోడు దిగాలి.

గట్టివాడంటే వెల్డరే, అందులో మాటలేదు. ఆ తరవాత పెద్దకొండకి పదకొండు సార్లు వెళ్ళారు. ఒకడికి వాంతులు, ఒకడికి కాలు బెణుకు, ఒకడికి కొత్త పెళ్ళాం మీద బెంగ. పదకొండు సార్లూ ఎవరో ఒకరు తిరిగారు, పదకొండు సార్లూ వెల్డరు తోడు దిగాడు. దిగుడు బాబాయి అని పేరు పడిపోయింది. ఆయనా నవ్వేవాడు. ఇంట్లో భార్య మాత్రం ఏమీ అడగకుండా కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టేది.

ఈ ఏడు మాస్టారు సంఘం చరిత్రని పుస్తకంగా వేయిస్తున్నారు. చివరి పేజీలో కొండ కొస చేరినవాళ్ళ పేర్లు, మొత్తం నలభై ఒకటి. వెల్డరు పేరు లేదు. "దానిదేముంది మాస్టారూ" అన్నాడు గానీ, ఆ కాగితం వెనక్కిచ్చే ముందు పైనుంచి కిందికి రెండు సార్లు చదివాడు. అరవై మూడేళ్ళొచ్చాయి. వచ్చే ఏటినుంచి మేడమెట్లు తప్ప ఇంకేమీ ఎక్కొద్దని మోకాలి డాక్టరు చెప్పేశాడు. ఎక్కితే ఈసారే ఎక్కాలి.

నలుగురు బయల్దేరారు: వెల్డరు, ఫోటో స్టూడియో అతను, బేకరీ ఆయన, బట్టలు కుట్టే అమ్మాయి. ముందు నడిచేది ఇదివరకే కొస చూసొచ్చిన ఫోటో అతను. మూడో రోజు పొద్దున, కొస ఇంకో గంట దూరంలో ఉందనగా, బేకరీ ఆయన రాతిమీద చతికిలబడ్డాడు.

"నాకు రెండు కొండలు కనపడుతున్నాయి."

"ఏది ఎక్కుదామంటావు?" అన్నాడు ఫోటో అతను. కానీ ఆయన పెదాల రంగు చూశాక నవ్వలేకపోయాడు.

ఊపిరి తీసుకోడానికి కూర్చున్న వెల్డరు లేచాడు. తాడు ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ఏంటి బాబాయ్, ఏం చేస్తున్నావ్?" అంది కుట్టే అమ్మాయి.

"కనపడట్లా? దిగుతున్నా."

"దిగాల్సింది గట్టివాళ్ళు కదా. నువ్వెందుకు లేచావు?"

ఆయనకి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు.

"పొద్దుట్నించి చూస్తున్నా" అందామె. "ఇరవై అడుగులకోసారి వంగి బూటు తాళ్ళు కట్టుకుంటున్నావు. ఆ బూట్లకి తాళ్ళు లేవు బాబాయ్, పట్టీలే."

ఫోటో అతను కెమెరా అద్దం తుడుచుకోసాగాడు. వెల్డరు మొహం కందగడ్డ అయింది. గబగబా వెళ్ళి బేకరీ ఆయన చంకల కింద చేతులేసి లేపబోయాడు. మోకాలు పక్కకి తిరిగింది. జబ్బుమనిషే ఆయన్ని పట్టుకోవాల్సొచ్చింది. అమ్మాయి వచ్చి, బట్టల తానుని ఎత్తుకున్నట్టు బేకరీ ఆయన్ని భుజానికి ఆనించుకుని నిలబెట్టింది.

"నీకిది మొదటిసారి కదమ్మా. ఇంతదాకా వచ్చి చూడకుండా పోతావా?"

"నా మోకాళ్ళు వచ్చే ఏడు కూడా ఉంటాయి బాబాయ్."

ఫోటో అతను గొంతు సవరించుకున్నాడు. "రిజిస్టర్లో రాయాలి. మీరే చెప్పండి బాబాయ్, ఈ పూట గట్టివాళ్ళెవరు?"

వెల్డరు కొస వైపు చూశాడు. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట అంటే చాలు అది ఆయనదే. అంటే, గట్టివాడు తను కాదని ఒప్పుకోవాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన దగ్గర ఉన్నదల్లా ఆ బలమే.

"అమ్మాయే" అన్నాడు చివరికి.

"ఏవన్నారు?" అన్నాడు బేకరీ ఆయన.

"అమ్మాయే అంటున్నా. నీకు చెవులు కూడా పోయాయా?"

గంట దారి వెల్డరుకీ ఫోటో అతనికీ రెండు గంటలు పట్టింది. కొస మీద గాలి తప్ప ఏమీ లేదు, పదడుగుల చోటు. ఫోటో అతను కెమెరా తీసి తిరిగేసరికి వెల్డరు అంచున బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడు. దూరంగా రెండు చుక్కలు మెల్లిగా కదులుతున్నాయి.

"ఎడమ పక్కకి రామ్మా. ఆ రాయి ఊగుతుంది, దానిమీద కాలెయ్యకు" అంటున్నాడు, పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టు.

"బాబాయ్, ఒక్కసారి ఇటు తిరగండి. పుస్తకానికి."

"ఉండవయ్యా, వాళ్ళని ఆ మలుపు దాటనీ."

మలుపు దాటడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా మబ్బు కమ్మింది. పుస్తకంలో చివరి పేజీ తిప్పితే కనపడేది వెల్డరు వీపూ, రెండు బూటు అడుగులూ. కింద నలభై రెండో పేరు.