ఫ్రేము కట్టిన ఉత్తరం

సత్యానందం మాస్టారికి ‘కాదు’ అనడం రాదు. ఫిజిక్సు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, చర్చిలో హార్మోనియం వాయించడం కూడా వచ్చు. కూరలబండి వాడు పుచ్చు వంకాయలు తూస్తూంటే ‘వద్దు’ అనడం మాత్రం చేతకాదు. ఆయన్ని అని ఏం లాభం లెండి, మా కోనసీమలో అదొక జబ్బు. సంబంధం నచ్చకపోతే ‘అమ్మాయి బంగారబ్బొమ్మండీ, మావాడే చాలడు’ అని చెప్పి, వాళ్ళు పెట్టిన స్వీటు తిని, కాఫీ తాగి మరీ వస్తాం. పాపం పిల్ల తండ్రి ముహూర్తాలు పెట్టించుకుంటాడు.

అలాంటి మనిషి ఒక పత్రికకి సంపాదకుడయ్యారు. దేవుడు కూడా అప్పుడప్పుడూ వేళాకోళం ఆడతాడు.

పత్రిక పేరు ‘ఎల్లుండి’. మూడు నెలలకోసారి వస్తుంది, అన్నీ సైన్సు ఫిక్షన్ కథలే. కాలేజీలో రిటైరయ్యాక అమలాపురంలో సొంత ఇంటి ముందుగదిలోనే ఆఫీసు పెట్టుకున్నారు. చందాదారులు మూడొందల నలభై మంది. అందులో మూడొందల మంది కథలు రాసేవాళ్ళే. రోజూ పొద్దున్నే కాఫీ తాగి ఫోను తెరిస్తే రెండో మూడో కథలు వచ్చి పడి ఉంటాయి. ఏ గ్రహం వాళ్ళైనా సరే, వాళ్ళకి భూమ్మీద వేరే చోటే లేనట్టు కోనసీమలోనే దిగుతారు. దిగి, ఒక కొబ్బరిబొండాం తాగి, ఇంక వెనక్కి వెళ్ళం అంటారు. ఒకాయన కాంతివేగంతో పోయే బస్సుని రావులపాలెంలో టీ కోసం ఆపాడు. ‘అంత వేగంలో బ్రేకు పడుతుందా అండీ?’ అని మాస్టారు ప్రింటు తీయించి మరీ పక్కన ఎర్ర పెన్నుతో రాశారు. ఎర్ర పెన్నుతో కూడా ఆయన ‘అండీ’ అనే రాస్తారు.

ఆఫీసు గోడకి ఒక ఫ్రేము ఉంది. అందులో ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి ఉత్తరం. మాస్టారు జీవితంలో రాసిన ఒకే ఒక్క కథకి, రాజమండ్రి నుంచి అప్పట్లో వచ్చే ఒక మాసపత్రిక సంపాదకుడు రాసిన జవాబది. ఇంటికి ఎవరొచ్చినా మాస్టారు వాళ్ళని దాని ముందు నిలబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చదివి వినిపిస్తారు.

“తమ రచన మా పత్రిక స్థాయిని మించినది. దీనికి తగిన పాఠకులు ఇంకా జన్మించవలసి ఉన్నది. తమ కలానికి మా నమస్సులు... విన్నారా అండీ? స్థాయిని మించిందిట! వేసుకునే ధైర్యం లేక తిప్పి పంపేసేరు. అప్పుడే అనుకున్నానండీ, అలాంటి కథలకోసం నేనే ఒక పత్రిక పెట్టాలని.”

ఆయన చదువుతున్నంతసేపూ మార్తమ్మగారు కాఫీ గ్లాసుల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వుతూ ఉంటుంది. మార్తమ్మగారంటే మాస్టారి భార్య. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి.

ఆ ఉత్తరం చదివి చదివి ఆ భాష మాస్టారికి ఒంటబట్టింది. కథ నచ్చకపోతే ఆయన రాసే జవాబు ఇలా ఉంటుంది: ‘అయ్యా, తమ కథ చదివి మాటలు రాని వాడనైతిని. ఇంతటి రచనను మా చిన్న పత్రిక మోయగలదా అన్నదే నా బెంగ.’ దీనర్థం కథ వేయడం లేదని. అది ఆయనొక్కరికే తెలుసు. ఉత్తరం అందుకున్నవాడు మాత్రం ఎగిరి గంతేసి, ఊరంతా చెప్పుకుని, అరటిగెల భుజానేసుకుని ఇంటికొచ్చి కాళ్ళకి దండం పెడతాడు. గెల పుచ్చుకున్నాక కథ వేయనని ఎలా అంటారు? వేస్తారు. అలా పదేళ్ళుగా పత్రిక నడుస్తోంది, ఇంట్లో అరటిపళ్ళకి లోటు లేదు.

ఈ మర్యాద మధ్యలో నలిగిపోయింది మాత్రం జాస్మిన్. ఆ అమ్మాయిది బండారులంక, కువైట్‌లో నర్సు. ఆమె పంపిన కథలో అంగారకుడి మీద ఒక ఆసుపత్రి ఉంటుంది. అక్కడి నర్సుకి భూమ్మీద ఉన్న అమ్మతో మాట్లాడాలంటే మాట చేరడానికే పన్నెండు నిమిషాలు. ‘అన్నం తిన్నావా’ అని అమ్మ అడుగుతుంది. ‘తిన్నానమ్మా’ అన్న అబద్ధం పన్నెండు నిమిషాలు చీకట్లో ప్రయాణం చేసి ఇల్లు చేరుతుంది. అది చదివి మాస్టారు లేచి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు. పదేళ్ళలో తన పత్రికకి వచ్చిన అసలైన కథ ఇదేనని ఆయనకి తెలుసు. వేస్తానని మాటిచ్చారు. ఒకసారి అరటిగెల అడ్డొచ్చింది, ఇంకోసారి పనసకాయ అడ్డొచ్చింది. రెండు సంచికలూ దాటిపోయాయి.

మూడోసారి ఏకంగా త్రిమూర్తులుగారు అడ్డొచ్చారు.

ఆయన మామిడికుదురు దగ్గర కొబ్బరికాయల వ్యాపారి. కథ నలభై పేజీలు. రాకెట్ మామిడికుదురులో సిద్ధంగా ఉంటుంది. కథానాయకుడు ఎక్కేముందు ఊళ్ళో అందరికీ వెళ్ళొస్తానని చెప్పడానికి బయల్దేరతాడు. ప్రతి ఇంట్లోనూ భోంచేసి వెళ్ళమంటారు. తింటాడు. ముప్ఫై ఎనిమిదో పేజీకి రాకెట్ లేస్తుంది, బరువెక్కువై మళ్ళీ దిగుతుంది. మాస్టారు తల పట్టుకుని ఎప్పటి ఉత్తరమే రాశారు.

మూడో రోజున ఫోను మోగింది.

“ఆయ్, మాస్టారూ! త్రిమూర్తుల్నండీ. మీ ఉత్తరం అందిందండీ. ఇంటిల్లిపాదీ ఏడ్చేవండీ సంతోషంతో. ఆదివారం మీకు చిన్న సన్మానం పెట్టుకున్నావండీ, భోజనాలు మనింట్లోనే. కాదనకూడదండీ!”

“ఎంత మాటండీ,” అన్నారు మాస్టారు. కాదనడం వస్తే ఈ గొడవే లేదు కదా.

అదే సాయంత్రం ప్రెస్సు నుంచి క్రాంతికుమార్ ఫోను చేశాడు. పేజీలు కట్టేది అతనే. “మాస్టారూ, త్రిమూర్తులుగారిది పెడితే జాస్మిన్‌గారిది పట్టదండీ. సోమవారం పొద్దున్న అచ్చుకెళ్ళిపోవాలి. ఎవరిది పెట్టమంటారు?” ఆ వెంటనే జాస్మిన్ దగ్గర్నుంచి మెసేజీ: ‘సార్, సెలవు మీద ఇంటికొచ్చేనండీ. ఈసారైనా నా కథ ఉంటుందాండీ? లేకపోతే ఏమనుకోకండి, వేరే పత్రికకి పంపుకుంటానండీ.’

మాస్టారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆ కథ పోతే ఇంక ‘ఎల్లుండి’లో మిగిలేవి బొండాలు తాగే గ్రహాంతరవాసులే.

“మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా?” అంది మార్తమ్మగారు. “ఒక్క ముక్క. ‘వేయడం లేదండీ’ అని చెప్పి వచ్చేయండి. రేపు నా దగ్గర అలవాటు చేసుకోండి. నేను ఇడ్లీ వేస్తూంటాను, మీరు వద్దంటూ ఉండండి.”

మర్నాడు పొద్దున్న సాధన మొదలైంది. మూడో ఇడ్లీకి మాస్టారు “ఎందుకులే మార్తా” అన్నారు. వేసింది. ఐదో ఇడ్లీకి “నీకుంటాయో ఉండవో” అన్నారు. అదీ వేసింది. ఏడోదానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ పక్కనుంచి జార్చింది. పదకొండో ఇడ్లీకి ఆయన చెమటలు తుడుచుకుని, “బాగున్నాయి” అన్నారు.

“మీ వల్ల కాదండీ,” అని మార్తమ్మగారు గిన్నె లోపలికి తీసుకుపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు రాజోలు బస్సెక్కారు. దారి పొడుగునా ‘వేయడం లేదండీ, వేయడం లేదండీ’ అని గొణుక్కుంటూంటే, పక్కసీటాయన మంత్రమేమోనని జరిగి కూర్చున్నాడు.

త్రిమూర్తులుగారి వాకిట్లో షామియానా, మైకు, వంద కుర్చీలు. కొబ్బరి దింపు పనివాళ్ళందరికీ సెలవిచ్చి కూర్చోబెట్టారు. గేటుకి నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో త్రిమూర్తులుగారు, పైన వ్యోమగామి టోపీ, కింద పట్టుపంచె. ఆయన ఎదురొచ్చి మాస్టారి మెళ్ళో దండ వేసి, చెయ్యి పట్టుకుని అరుగు మీదికి నడిపించారు. అక్కడ గోడకి ఒక టేకు ఫ్రేము, దానికి బంతిపూల దండ. దండ ఉన్న ఫ్రేము చూడగానే మాస్టారు పోయినవాళ్ళెవరో అనుకుని తల వంచబోయి ఆగారు. లోపల ఉన్నది తన ఉత్తరం.

త్రిమూర్తులుగారు మైకు తీసుకున్నారు. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“అందరూ వినండి! ‘ఇంతటి రచనను మా చిన్న పత్రిక మోయగలదా అన్నదే నా బెంగ.’ విన్నారా అండీ? మోయలేరట! పత్రిక స్థాయి దాటిపోయేనని మాస్టారే సొంత దస్తూరీతో రాసేరు!”

జనం చప్పట్లు కొట్టారు. మాస్టారి చేతులు లేవలేదు. ఆ గొంతు, ఆ కళ్ళజోడు తుడుచుకోవడం, ఆ ‘విన్నారా అండీ’... ఇదంతా ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో కాదు, అమలాపురంలో, తన ముందుగదిలో, ఇరవై ఎనిమిదేళ్ళుగా.

ఓరి దేవుడా, అనుకున్నారు మాస్టారు. నాకొచ్చిందీ మొహమాటం ఉత్తరమేనా?

ముందు సిగ్గేసింది. ఎంతమందిని నిలబెట్టి చదివారు! కలెక్టరాఫీసు గుమస్తాకి, పాస్టరుగారికి, గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడికి కూడా. ఆ వెనకాలే ఒళ్ళు మండింది. ఆ రాజమండ్రి పెద్దమనిషి ‘బాలేదు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే చచ్చిపోయేవాడా? ఇంకో కథ రాసుకునేవాణ్ణి కదా! పదో కథకైనా బాగుపడేవాణ్ణి కదా!

“మాస్టారు రెండు మాటలు చెప్తారండీ,” అని త్రిమూర్తులుగారు మైకు చేతికిచ్చారు.

“బాలేదండీ!” అన్నారు మాస్టారు.

మైకు కుయ్యిమంది.

“కథ బాలేదండీ. వేయడం లేదండీ. ఆ ఉత్తరానికి అర్థం అదేనండీ.” అనేసి, తను అన్నది తన చెవులతో విని, మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

త్రిమూర్తులుగారి మొహం చిన్నబోయింది. కాసేపు ఫ్రేముని చూశారు, కాసేపు ఫ్లెక్సీని చూశారు. ఎంతైనా గోదావరి మనిషి, ఇంటికొచ్చినవాణ్ణి ఆకలితో పంపడు. “ఆయ్,” అన్నారు నీరసంగా. “వడ్డన అయిపోయిందండీ. ముందు భోంచేద్దురుగాని రండి.”

ఆకు ముందు కూర్చోబెట్టి ఆయనే వడ్డించారు. పప్పు గరిటె పట్టుకుని అడిగారు, “మొదటి పేజీ అయినా బాగుందాండీ?”

“లేదండీ. మీ వంశవృక్షం తప్ప అందులో ఏమీ లేదండీ.”

“ఆయ్. నెయ్యి వేయించుకోండి. మరి రాకెట్టో అండీ?”

“ముప్ఫై ఎనిమిదో పేజీదాకా లేవలేదండీ.”

“అంతమంది పిలిచేకా తినకుండా ఎలా ఎక్కుతాడండీ? తప్పు కదండీ! పనసపొట్టు కూర ఇంకాస్త?”

“వేయండి.”

కథకి తొమ్మిదిసార్లు లేదనగలిగిన మాస్టారు, కూరకి ఒక్కసారి కూడా వద్దనలేకపోయారు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి త్రిమూర్తులుగారి గొంతు సన్నబడింది.

“బాగున్నది ఒక్కటీ లేదాండీ?”

మాస్టారు ముద్ద ఆపారు. “ఉందండీ. పంతొమ్మిదో పేజీలో ఒక ముసలావిడ. వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తుంది, నువ్వు తిన్నావా అని ఆవిణ్ణి ఎవరూ అడగరు. నాలుగే వాక్యాలు. చాలా బాగున్నాయండీ.”

త్రిమూర్తులుగారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “మా అమ్మండీ,” అన్నారు.

“అయితే అక్కణ్ణించి మొదలెట్టండి. ఈసారి నాలుగు పేజీలే రాయండి.”

త్రిమూర్తులుగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. వెళ్ళేటప్పుడు బస్సుదాకా వచ్చి, ఇది నిజమైన మెచ్చుకోలే కదా అని మూడుసార్లు అడిగారు. “ఆ ఉత్తరం తీసేస్తానండీ. ఫ్రేము మంచి టేకుది, కథ అచ్చయ్యేక పెట్టుకుంటాను. కానీ మాస్టారూ, అలాంటి ఉత్తరం ఇంకెవరికీ రాయకండీ.”

బస్సులోంచే క్రాంతికుమార్‌కి ఫోను చేశారు. “జాస్మిన్ కథ పెట్టు. మొదటి పేజీలోనే.”

“మరి త్రిమూర్తులుగారిదో అండీ?”

“వేయడం లేదు.”

“మాస్టారేనాండీ మాట్లాడేది?” అన్నాడు క్రాంతికుమార్.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే మాస్టారు తన ఫ్రేము ముందు నిలబడ్డారు. మార్తమ్మగారు గుమ్మంలోకి వచ్చింది.

“మార్తా, ఈ ఉత్తరం...”

“ఆయ్, తెలుసండీ.”

“ఎప్పట్నించి?”

“వచ్చిన రోజునుంచేనండీ.”

“ఇరవై ఎనిమిదేళ్ళూ చెప్పలేదేం మరి?”

“మీరేమో అన్నం కూడా తినకుండా వీధంతా చదివొచ్చేరు. అంత సంబరంలో ఎలా చెప్తామండీ? మర్యాదగా ఉంటుందా?”

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. కోపం తెచ్చుకుందామని చూశారు గానీ రాలేదు. బీరువా అడుగునుంచి పాత కాగితాల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“పోనీ నువ్వు చదివేవు కదా. నిజం చెప్పు. నా కథ ఎలా ఉంది?”

మార్తమ్మగారు ఫ్రేము వైపు చూసింది, కాగితాల వైపు చూసింది, ఆయన మొహం వైపు చూసింది.

“నిన్నటి ఇడ్లీపిండి మిగిలిందండీ,” అంది. “నాలుగు వేసేదా?”

మాస్టారు చాలాసేపు ఆలోచించారు.

“వెయ్యి,” అన్నారు.