నాకు చెప్పని మాట

తడి బట్టల బకెట్టుతో మేడ ఎక్కుతూ పదో మెట్టు మీద కూలబడ్డాను. ఊపిరి అందడం లేదు. తాను నలుగుర్ని కన్నా ఒక్కనాడూ ఇలా చతికిలబడలేదని అత్తగారు కింద నుంచి అంటున్నారు. నాకిది ఏడో నెల. పడుకుంటే ఆయాసం, అందుకని మూడు దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతున్నాను. ఇంట్లో నా పేరు దిండ్ల మహారాణి. బడిలో హెడ్మాస్టరుగారైతే, టీచరు కూర్చుంటే పిల్లలు పడుకుంటారమ్మా అని తరగతిలోంచి నా కుర్చీ తీయించేశారు. నేనూ నవ్వాను. గోరంతను కొండంత చేస్తానని ఎవరూ అనకూడదని, కొండంతను గోరంత చేసుకుంటూ వచ్చాను.

మధ్యాహ్నానికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. మావారు నన్ను ఆస్పత్రి గుమ్మం ముందు దింపి, బండి పెట్టి వస్తానన్నారు. కాన్పుల డాక్టరు చూసి గుండె డాక్టరు దగ్గరికి పంపింది. ఆమె నాకంటే చిన్నదే. ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారని అడిగింది. ఈ వేళాకోళం ఇక్కడిదాకా వచ్చిందా అనుకున్నాను. ఆమె నవ్వలేదు. స్కానింగ్ చేసి, నా పాత ఫైలు తెప్పించి, చాలాసేపు చదివింది.

“మొదటి కాన్పుకే మీ గుండె కండరం దెబ్బతింది. మళ్ళీ గర్భం వద్దని రాసిచ్చారు కదమ్మా. మీకు తెలీదా?”

“ఎవరికి చెప్పారు?”

“మీవారికి. ఇదిగో, సంతకం కూడా ఉంది.”

ఆ సంతకం నాకు తెలుసు. పాప పుట్టాక ఆర్నెల్లు బలానికని మింగిన మాత్రలు గుండెకని ఇప్పుడు తెలిసింది. పాపకి తోడు ఉండాలని రెండేళ్ళుగా పోరింది ఆయనే. నేనే బద్ధకిస్తున్నానేమోనని సిగ్గుపడి సరేనన్నాను. నా గుండె గురించి ఆయనకి తెలుసు, నాకే తెలీదు. ఇప్పుడది ఉండాల్సినదాంట్లో సగం కూడా పనిచేయడం లేదట. రేపు ఉదయమే ఆపరేషను చేసి బిడ్డను బయటికి తీయాలట. ఇద్దరూ దక్కుతారని మాట ఇవ్వలేనంది డాక్టరు. ఒక్కరైనా దక్కుతారా అని అడగబోయి మానేశాను, ఆమె ముఖం చూశాక.

ఆయన లోపలికి వచ్చారు. బల్ల మీద ఫైలు చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

“చెబితే బెంగపడతావనే చెప్పలేదు. అప్పటికి బాగానే తిరుగుతున్నావు కదా,” అన్నారు.

పాపకిప్పుడు ఐదేళ్ళు. ఈ మనిషి పక్కన ఐదేళ్ళు పడుకున్నాను. తిట్టడానికి ఊపిరి లేదు. నర్సు అలవాటుగా ఆపరేషను కాగితాన్ని ఆయనకి అందించింది. చెయ్యి చాపి తీసుకున్నాను. అక్షరం అక్షరం చదివి, నా సంతకం నేనే పెట్టాను. వేళ్ళు వాచి ఉన్నాయేమో, పేరు వంకరగా పడింది.

ఆయన గొంతు తగ్గించి, పాపని వాళ్ళ నానమ్మ దగ్గరే ఉంచుదాం, అమ్మ పనిమీద వెళ్ళిందని చెబుతానన్నారు.

“వద్దు. ఇప్పుడే తీసుకురండి,” అన్నాను. “రేపటి నుంచి నేను ఉండకపోవచ్చని దానికి నేనే చెబుతాను.”