కౌజుపిట్టల కంచుడు

నేను ఒక కంచుడిని. పేరులో కంచు ఉన్నా ఒంట్లో ఉన్నదంతా మట్టే. కూర వండుకునే మట్టిపాత్రను మా దిక్కు అలా పిలుస్తారు. నన్ను చక్రం మీద తిప్పిన కుమ్మరి ఏ ధ్యాసలో ఉన్నాడో, నా అంచును ఒకవైపు వంకరగా వదిలేశాడు. అంగడిలో ఆడవాళ్లు నన్ను వేలితో కొట్టి మోత వినేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు, అంచు చూసి పక్కన పెట్టేవాళ్లు. మణెమ్మ మాత్రం "వంకరున్న దిక్కుకెల్లి పులుసు వంపుకోవచ్చు" అని నన్ను చంకన పెట్టుకుంది. అప్పటినుంచి నేను ఆమె మనిషినే.

ఆమె భర్త కొమురయ్య జొన్నచేల గట్ల వెంట వల పన్ని కౌజుపిట్టలు పట్టేవాడు. అప్పట్లో ఊళ్లో చాలామంది పట్టేవాళ్లు. అడవి కౌజు రోజంతా పరుగెత్తే పిట్ట. దాని కండ తాడులా ఉంటుంది. మణెమ్మ బూరు పీకి, గడ్డిమంట మీద కాల్చి, పసుపు రుద్ది కడిగేది. పుల్లమజ్జిగలో ఉప్పు, కారం, నూరిన అల్లం వెల్లుల్లి కలిపి, ముక్కలన్నీ మునిగేలా నాలో పోసి, పైన మోదుగాకు కప్పేది. సాయంత్రం నానబెడితే తెల్లారాకే పొయ్యెక్కించేది. అంతసేపు నానితే గానీ ఆ మాంసం మొండితనం మానదు.

ముక్కలన్నీ భర్త పళ్లెంలో వేసి, తాను జొన్నరవ్వ గటుకలో పులుసు కలుపుకునేది. "నాకు పులుసే ఇష్టం" అనేది. కొమురయ్య మంచివాడు, నమ్మేశాడు. పెళ్లాం చెప్పే అబద్ధాల్లో మగవాళ్లు ఇంత సుఖంగా నమ్మేది మరొకటి నాకు తెలియదు.

కొన్నాళ్లకు అడవి పిట్టలను పట్టకూడదని అధికారులు ఊరికి వచ్చి చెప్పారు. కొమురయ్య వల మడిచి అటక మీద పడేశాడు. ఇంట్లోకి గ్యాస్ పొయ్యి, దాని వెనకే స్టీలు గిన్నెలు వచ్చాయి. నన్ను పెరట్లో పెట్టి నీళ్లు నింపారు. ఇన్ని పిట్టలు ఉడికిన నాలో పిచ్చుకలు వచ్చి నీళ్లు తాగేవి. నన్ను ఎవరూ శిక్షించలేదు సరికదా, ఇలా పుణ్యం చేసుకొమ్మన్నారు.

పోయిన ఎండాకాలం మణెమ్మ మంచం పట్టింది. జావ తప్ప ఏదీ తినలేకపోయేది. గాలికోసం ఆమె మంచాన్ని పెరట్లో నా పక్కనే వేశారు. ఒకరోజు నావైపు చూస్తూ, "కౌజుపిట్ట కూర తినబుద్దయితాంది" అంది.

"తెస్త తియ్" అన్నాడు కొమురయ్య.

పొద్దంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. ఆమె మళ్లీ అడగలేదు. అడిగినా బాగుండేదని అతని ముఖం చూస్తే నాకనిపించింది. ఆ వారమే ఆమె పోయింది.

పెత్రమాస వచ్చింది. ఆ రోజు ఇంట్లో పోయినవాళ్లకు ఇష్టమైనది వండి విస్తరిలో పెడతారు. మణెమ్మకు ఇదే మొదటిది. పట్నం దారిలో ఎవరో కౌజుపిట్టలను ఫారంలో పెంచి అమ్ముతున్నారని విని కొమురయ్య వెళ్లి తెచ్చాడు. నన్ను బూడిదతో తోమి, ముందురోజు సాయంత్రమే ముక్కలను నాలో మజ్జిగ పోసి నానబెట్టాడు.

"గంత మజ్జిగెందుకు నాయినా?" అంది కూతురు స్వరూప.

"మీ అవ్వ గింతనే వోసేది" అన్నాడు.

నాకు తెలుస్తూనే ఉంది, చెప్పడానికి నోరు లేదు. అవి గూట్లో కూర్చుని తిన్న పిట్టలు. లేత మాంసం. గంటసేపు చాలు. తెల్లారేసరికి నాలో వెన్నలా అయిపోయాయి. పొయ్యెక్కించి గరిటె పెట్టగానే ఎముకలు ఒకవైపు, మాంసం ఒకవైపు.

స్వరూప తొంగిచూసింది. "ముద్దయింది నాయినా. అవ్వకు గిదేం పెడుతం? కోడి తెచ్చి వండుదమా?"

కొమురయ్య గరిటె కింద పెట్టి పొయ్యి ముందు అలాగే కూర్చున్నాడు. "ఒక్కటడిగింది బిడ్డా. గదిగూడ చెడగొట్టిన."

అప్పుడే మణెమ్మ అక్క గౌరవ్వ వచ్చింది. సంగతి విని, వంగి, నాలోంచి ఇంత తీసి నాలుక మీద వేసుకుంది. చప్పరించింది. మళ్లీ ఇంత తీసుకుంది.

"బాగనే ఉన్నది గద కొమురయ్యా?"

"ముక్క లేదు వదినె."

"మా చెల్లెకు పండ్లెక్కడున్నయి? గట్టిముక్క వెడితె పైలోకంల పండ్లు ఎరువు తెచ్చుకోవాల్నా? గిదైతె నమలకుంటనే మింగుతది."

స్వరూప నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది.  కొమురయ్య లేచి, మణెమ్మ ఫొటో ముందు విస్తరి పరిచి, ఎముకలు ఒక్కొక్కటీ ఏరేసి, మెత్తని మాంసమంతా అందులోనే పెట్టాడు. ఒక్క పీచు కూడా తనకోసం ఉంచుకోలేదు.

"నీకేది నాయినా?" అంది స్వరూప.

నన్ను రెండు చేతులా ఎత్తి, వంకరగా ఉన్న వైపునుంచి తన అన్నంలోకి వంపుకున్నాడు.

"నాకు పులుసే ఇష్టం" అన్నాడు.